అయానిక్ ద్రవాలు, లోహ నానోకణాలు కలిసిన సూక్ష్మజీవి నిరోధక పదార్థాలు: పేటెంట్ పరీక్షపై విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఈ పదార్థాల మీద పని చేసేవారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాల రసాయన, సూక్ష్మజీవ శాస్త్ర విభాగాల పరిశోధకులు. ఆ తర్వాత పరవాడ ఫార్మా సిటీ వైపు పరిశ్రమల్లో పనిచేసేవారు, మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే చిన్న సంస్థలవారు. ముగ్గురి అవసరాలూ వేరు. అయినా తొలి పరీక్ష నివేదిక, అంటే మన వాడుకలో ఎఫ్‌ఈఆర్, చేతికి వచ్చేసరికి అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. సమాధానాలు 1970 నాటి భారత పేటెంట్ చట్టానికి, 2024 మార్చి 15న అమల్లోకి వచ్చిన సవరణ నిబంధనలకు అనుగుణంగా ఉన్నాయి.

అసలు ఏ పదార్థాల గురించి మాట్లాడుతున్నాం?

అయానిక్ ద్రవాలు లవణాలే. కాకపోతే వంద డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోతాయి, వాటిలో చాలా రకాలు గది ఉష్ణోగ్రత వద్దే ద్రవంగా ఉంటాయి. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ 12 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సూక్ష్మజీవుల మీద పని కోసం ఎక్కువగా వాడేవి పొడవైన ఆల్కైల్ గొలుసు ఉన్న ఇమిడజోలియం, పిరిడీనియం, క్వాటర్నరీ అమ్మోనియం, ఫాస్ఫోనియం లవణాలు. ధనావేశమున్న తల బ్యాక్టీరియా పొరకు అంటుకుంటుంది, గొలుసు ఆ పొరలోకి చొరబడి దాన్ని చెదరగొడుతుంది. గొలుసు పొడవు పెరిగేకొద్దీ చురుకు పెరుగుతుంది. సుమారు పన్నెండు నుంచి పదహారు కార్బన్ల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతుంది.

వెండి, రాగి, జింక్ ఆక్సైడ్ నానోకణాల పని తీరు వేరు. అవి అయాన్లను విడుదల చేస్తాయి. ఆ అయాన్లు ప్రొటీన్లలోని థయోల్ సమూహాలకు అతుక్కుంటాయి, ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతాయి. ఈ రెండింటినీ కలిపితే అయానిక్ ద్రవం నానోకణాల చుట్టూ చేరి అవి ముద్దకట్టకుండా ఆపుతుంది. పరిశోధకులకు ఇది వరం. పేటెంట్ పరీక్షలో మాత్రం ఇదే మొదటి చిక్కు. ఎందుకో కింద చెబుతాను.

దరఖాస్తు ఎక్కడ దాఖలు చేయాలి? చెన్నై వెళ్లాలా?

ఆంధ్రప్రదేశ్ దరఖాస్తుదారులకు తగిన కార్యాలయం చెన్నై పేటెంట్ కార్యాలయం. దాఖలు ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, విచారణలు వీడియో కాన్ఫరెన్స్‌లో జరుగుతాయి. రైలు టికెట్ అవసరం లేదు.

దరఖాస్తు ఇచ్చేశాం. పరీక్ష దానంతట అదే మొదలవుతుందా?

మొదలవదు. పరీక్ష కోరుతూ ఫారం 18 విడిగా దాఖలు చేయాలి. 2024 మార్చి 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు గడువు ప్రయారిటీ తేదీ (ఆ ఆవిష్కరణకు తొలి దరఖాస్తు వేసిన తేదీ) నుంచి 31 నెలలు. అంతకుముందు 48 నెలలు ఉండేది. పాత గడువునే మనసులో పెట్టుకుని నింపాదిగా కూర్చునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. గడువులోగా ఫారం 18 వేయకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్టే భావిస్తారు.

త్వరగా కావాలంటే ఫారం 18ఏ ఉంది. అంకుర సంస్థలు, చిన్న సంస్థలు, మహిళా దరఖాస్తుదారులు, ప్రభుత్వ యాజమాన్యంలోని సంస్థలు వంటివారికి ఆ అర్హత ఉంటుంది. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. త్వరిత పరీక్ష కోరేవారు ముందస్తు ప్రచురణకు ఫారం 9 కూడా వేయాలి.

పరీక్షాధికారి ముందుగా చూసేది ఏమిటి?

పాత సమాచారం. ఈ రంగంలో అది ఒకే చోట ఉండదు. అంతర్జాతీయ వర్గీకరణలో బయోసైడ్లు ఏ01ఎన్ కింద, వైద్య పదార్థాలు ఏ61ఎల్ కింద, వెండి ఉన్న ఔషధాలు ఏ61కే 33/38 కింద, నానో సాంకేతికత బీ82వై కింద, బయోసైడ్ కలిపిన రంగులు సీ09డీ 5/14 కింద ఉంటాయి. వస్త్రాలకు పట్టించే పూతల కోసం డీ06ఎం చూడాలి. మన పరిశోధకులు సాధారణంగా "యాంటీబ్యాక్టీరియల్", "సిల్వర్ నానోపార్టికల్స్" అని వెతికి ఆగిపోతారు. పరీక్షాధికారి అక్కడ ఆగరు.

తరచుగా దెబ్బ తగిలేది ఉత్ప్రేరక రంగం నుంచి. అయానిక్ ద్రవాల్లో లోహ నానోకణాలను తయారుచేసి స్థిరంగా ఉంచడం ఉత్ప్రేరకాల పరిశోధనలో ఇరవై ఏళ్లకు పైబడిన సంగతి. ఆ వ్యాసాల్లో బ్యాక్టీరియా అన్న మాటే ఉండదు. అయినా మీరు కోరుతున్న పదార్థమే, అదే ధనావేశ అయాన్, అంటే కేటయాన్‌తో, అదే లోహంతో అక్కడ వర్ణించి ఉంటే పదార్థం కొత్తది కాదు. "మా ఉపయోగం వేరు కదా" అంటే చట్టం ఒప్పుకోదు. తెలిసిన పదార్థానికి కొత్త గుణాన్నో కొత్త ఉపయోగాన్నో కనుక్కున్నంత మాత్రాన అది ఆవిష్కరణ కాదని సెక్షన్ 3(డి) చెబుతుంది. అందుకే ఇన్‌పాస్, పేటెంట్‌స్కోప్, ఎస్పాస్‌నెట్ వంటి ఉచిత శోధన సాధనాల్లో సూక్ష్మజీవుల ప్రస్తావన లేకుండా, పదార్థం పేరుతోనే ఒకసారి వెతకండి. ఆ ఒక్క పూట పని తర్వాతి రెండేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలను తప్పించగలదు.

పరిశోధనా వ్యాసం ఇప్పటికే అచ్చయింది. ఇప్పుడు పేటెంట్ వేయవచ్చా?

చాలా సందర్భాల్లో వేయలేరు. మీ వ్యాసమే మీకు వ్యతిరేకంగా మొదటి సాక్ష్యమవుతుంది. పత్రిక సంచిక తేదీ కన్నా ముందే ఆన్‌లైన్‌లో కనిపించిన తేదీ లెక్కలోకి వస్తుంది. శోధ్‌గంగలో చేరిన సిద్ధాంత గ్రంథం కూడా బహిరంగ సమాచారమే. విద్వత్ సభలో చదివిన పత్రం, ఆ సభ అనుమతితో దాని కార్యకలాపాల్లో అచ్చయిన పత్రం, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శన వంటి కొద్ది సందర్భాలకు సెక్షన్ 31 పన్నెండు నెలల వెసులుబాటు ఇస్తుంది. దానికిప్పుడు ఫారం 31 ఉంది. మామూలు జర్నల్ వ్యాసాన్ని ఈ గొడుగు కిందికి తేవడం కష్టం.

వ్యాసం పంపే ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక, దరఖాస్తు వేయడం మేలు. ఆవిష్కరణను పూర్తిగా వర్ణించే పత్రం, అంటే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల సమయం దొరుకుతుంది. ఒక హెచ్చరిక ఉంది. ప్రొవిజనల్‌లో రాయని విషయానికి ఆ తేదీ రక్షణ ఉండదు. రెండు పేజీల సారాంశం పెట్టి, పన్నెండు కార్బన్ల గొలుసు గురించి మాత్రమే చెప్పి, తర్వాత పద్నాలుగు, పదహారు కార్బన్లను క్లెయిమ్ చేస్తే, అంటే వాటిపై హక్కు కోరితే, మధ్యలో వచ్చిన మీ వ్యాసం ఆ రెండింటినీ మింగేస్తుంది.

వెండీ తెలిసినదే, అయానిక్ ద్రవమూ తెలిసినదే. "మిశ్రమం మాత్రమే" అని సెక్షన్ 3(ఇ) కింద అభ్యంతరం చెప్పారు. దాని అర్థమేమిటి?

ఈ రంగంలో దరఖాస్తుల భవిష్యత్తు తేలేది ఇక్కడే. భాగాల గుణాలు ఒకదాని పక్కన ఒకటి చేరడం తప్ప మరేమీ జరగని మిశ్రమం ఆవిష్కరణ కాదని 3(ఇ) అంటుంది. అలాంటి మిశ్రమాన్ని తయారుచేసే పద్ధతికీ అదే నియమం. ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ దేనికది తెలుస్తూనే ఉంటాయి. అలా అయానిక్ ద్రవం తన వంతు, వెండి తన వంతు బ్యాక్టీరియాను చంపుతూ ఉంటే, ఫలితం ఎంత గొప్పగా ఉన్నా అది కూడికే.

మీ పదార్థం 99.9 శాతం బ్యాక్టీరియాను చంపిందని చెప్పడం ఈ అభ్యంతరానికి సమాధానం కాదు. నిజానికి దానికి ఈ ప్రశ్నతో సంబంధమే లేదు. పరీక్షాధికారికి కావలసిన పోలిక వేరు: అయానిక్ ద్రవం ఒక్కటే అదే మోతాదులో ఎంత చేసింది? నానోకణాలు ఒక్కటే ఎంత చేశాయి? రెండూ కలిసినప్పుడు ఆ రెండింటి మొత్తాన్ని మించి ఏమి జరిగింది? ప్రయోగశాలలో విడి భాగాలను పరీక్షించడం విసుగు పుట్టించే పని. వ్యాసంలో వాటికి ఒక పట్టిక మూల చోటు దొరికితే గొప్ప. పేటెంట్ పరీక్షలో మాత్రం ఆ పట్టిక మూలే దరఖాస్తును నిలబెడుతుంది.

లెక్క ఎలా చూస్తారో ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. ఒక ఇమిడజోలియం లవణానికి కనీస నిరోధక సాంద్రత (బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు) మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములు, వెండి నానోకణాలకు 16 అనుకోండి. రెండూ కలిపినప్పుడు లవణం 16, వెండి 2 చాలాయి. 64లో 16 అంటే 0.25, 16లో 2 అంటే 0.125. మొత్తం 0.375. ఈ సూచిక 0.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే పరస్పర బలవృద్ధి ఉందని సాధారణంగా పరిగణిస్తారు. అదే లవణం 32, వెండి 8 పట్టి ఉంటే మొత్తం 1 అవుతుంది. ఒకటి సగం, మరొకటి సగం పని చేసిందన్నమాట. ఆ రెండో ఫలితం పట్టుకుని "అద్భుతమైన సినర్జీ" అని రాస్తే పరీక్షాధికారి మీ అంకెలతోనే మీకు జవాబు రాస్తారు.

అయితే ఏయే పోలికలు స్పెసిఫికేషన్‌లో ఉండాలి?

పై లెక్క రెండు విడి ద్రావణాలను కలిపే చెకర్‌బోర్డ్ పరీక్షకు సరిపోతుంది. మీ పదార్థంలో అయానిక్ ద్రవం నానోకణం ఉపరితలానికి గట్టిగా అంటుకుని ఉంటే, లేదా రెండూ ఒక పాలిమర్ పొరలో బిగిసి ఉంటే, అది ఒక్కటే చాలదు. నేనైతే ఈ పోలికలు అడుగుతాను: అదే మోతాదులో అయానిక్ ద్రవం ఒక్కటే; సిట్రేట్ లేదా పాలీవినైల్ పైరోలిడోన్‌తో స్థిరపరచిన, దాదాపు అదే పరిమాణమున్న నానోకణాలు; ఈ రెంటినీ పరీక్షకు ముందు ఊరికే కలిపిన మిశ్రమం; అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్; ఏమీ కలపని పాలిమర్. వీటిలో మూడోది అన్నింటికన్నా విలువైనది. ఊరికే కలిపిన మిశ్రమం కన్నా మీరు నానోకణాలతో కలిపి సంశ్లేషించిన పదార్థం బాగా పనిచేస్తే, మీ తయారీ పద్ధతి ఏదో కొత్త నిర్మాణాన్ని ఇచ్చిందని చెప్పడానికి అదే ఆధారం. చాలా దరఖాస్తుల్లో లేనిదీ అదే.

కాలక్రమంలో చంపే వేగాన్ని చూపే పరీక్ష కూడా మంచి సాక్ష్యం. 24 గంటల వద్ద కలయిక, విడి భాగాల్లో చురుకైనదాని కన్నా కనీసం వంద రెట్లు తక్కువ బ్యాక్టీరియాను మిగిల్చిందంటే వాదన బలపడుతుంది. పూతలకు, ప్లాస్టిక్ ఉపరితలాలకు ఐఎస్‌ఓ 22196, వస్త్రాలకు ఐఎస్‌ఓ 20743 ప్రకారం పరీక్షిస్తే మీ అంకెలను పాత పేటెంట్ల అంకెలతో పోల్చడం సులువు. చట్టం ఈ ప్రమాణాలను తప్పనిసరి చేయలేదు. అయినా ప్రతి ప్రయోగశాలా తన సొంత పద్ధతి వాడితే పోలిక ఎవరికీ కుదరదు.

బలవృద్ధి చంపడంలోనే ఉండాలనేమీ లేదు. వెండి విడుదల నెలల తరబడి నిలకడగా సాగడం, ఉతికినా గుణం పోకపోవడం, మానవ కణాలకు విషప్రభావం తగ్గడం కూడా కలయిక వల్లే వచ్చిన ఫలితాలైతే పరిగణనలోకి వస్తాయి. పొడవైన గొలుసున్న అయానిక్ ద్రవాలు మన కణాల పొరలను కూడా వదిలిపెట్టవు కాబట్టి, ఆ చివరి అంశం వైద్య పదార్థాల విషయంలో చాలా బరువైనది.

అగార్ పళ్లెంలో నిరోధక వలయం వ్యాసం కొలిచాం. అది చాలదా?

చాలదు. నానోకణాలు అగార్‌లో సరిగా వ్యాపించవు, చిన్న అయాన్లు వ్యాపిస్తాయి. వలయం తేడా చురుకు తేడాయో వ్యాప్తి తేడాయో ఎవరూ చెప్పలేరు. ఫొటోలు చూడటానికి బాగుంటాయి, అంతే.

సెక్షన్ 3(డి) మందులకు సంబంధించినది కదా? మాది గోడ రంగు.

ఆ సెక్షన్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కేసులో ఇచ్చిన తీర్పు. క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ నిరాకరిస్తూ, మందుల విషయంలో సామర్థ్యం అంటే చికిత్సా సామర్థ్యమేనని కోర్టు చెప్పింది. కానీ సెక్షన్‌లో మందులన్న పరిమితి లేదు. ఫైటేజ్ అనే ఎంజైమ్ కేసులో 2023లో మద్రాసు హైకోర్టు కూడా దీన్ని ఔషధాలకే పరిమితం చేయలేదు. రంగైనా, గుడ్డైనా ఇది వర్తించవచ్చు.

ఆ సెక్షన్ కింద ఉన్న వివరణ చదివితే మన పదార్థాలను ఎదురుగా పెట్టుకుని రాశారేమో అనిపిస్తుంది. తెలిసిన పదార్థపు లవణాలు, కణ పరిమాణం, కాంప్లెక్సులు, కలయికలు, ఇతర ఉత్పన్నాలు సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపకపోతే పాత పదార్థం కిందే లెక్క. బ్రోమైడ్‌ను తీసి మరో ఆనయాన్ (ఋణావేశ అయాన్) పెడితే అది లవణం మార్పు. వెండిని నానో స్థాయికి తెస్తే కణ పరిమాణం మార్పు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి తెలిసిన మందును అయానిక్ ద్రవంగా మార్చినా అది లవణమే. "కరిగే గుణం పెరిగింది" అంటే మందుల విషయంలో సరిపోదు. ఆ పెరుగుదల చికిత్సలో ఏమి తేడా తెచ్చిందో చూపాలి. రంగులు, పూతల విషయంలో సామర్థ్యం అంటే ఆ వస్తువు చేయాల్సిన పని ప్రకారం వాదించవచ్చు. అందుకే ఆ పని ఏమిటో స్పెసిఫికేషన్ మొదట్లోనే స్పష్టంగా రాసుకోవాలి.

3(డి), 3(ఇ) దాటితే గట్టెక్కినట్టేనా?

ఆవిష్కరణ దశ అనే అభ్యంతరం మిగిలే ఉంటుంది. ఎఫ్‌ఈఆర్‌లో సాధారణంగా కనిపించే కూర్పు ఇది: వెండి నానోకణాలు బ్యాక్టీరియాను చంపుతాయని మొదటి పత్రం, ఇమిడజోలియం లవణాలు చంపుతాయని రెండోది, ఆ లవణాలు నానోకణాలను స్థిరపరుస్తాయని మూడోది. మూడూ కలిపితే నైపుణ్యమున్న వ్యక్తికి ఇది తోచేదే అంటారు. నేను పైన చెప్పిన చిక్కు ఇదే. కలయికకు మూడో పత్రం ముందే కారణం చూపించింది. అయానిక్ ద్రవం స్థిరపరచే పని మాత్రమే చేస్తోందని మీరే స్పెసిఫికేషన్‌లో రాసుకుంటే ఆ దారిని మీరే చదును చేసినట్టు.

జవాబు అంకెల్లోనే దొరుకుతుంది. నిర్దిష్టమైన గొలుసు పొడవులో, నిర్దిష్టమైన నిష్పత్తిలో మాత్రమే బలవృద్ధి కనిపించి, దానికి అటూ ఇటూ కనిపించకపోతే, అది ఎవరికైనా తోచేది కాదని చెప్పవచ్చు. విఫలమైన నిష్పత్తులను దాచుకోవద్దు. అవి మీ పక్షాన సాక్ష్యం చెబుతాయి.

పదార్థాన్ని ఎంత వివరంగా వర్ణించాలి?

మరొకరు చదివి చేయగలిగేంత. నిష్పత్తులు, ఉష్ణోగ్రత, క్షయకరణి, చేర్చే వేగం, అయానిక్ ద్రవంలో ఉన్న నీరు, మిగిలిన హాలైడ్ అన్నీ రాయాలి. హాలైడ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. క్లోరైడ్ లేదా బ్రోమైడ్ ఆనయాన్ ఉన్న అయానిక్ ద్రవంలో సిల్వర్ నైట్రేట్ పోస్తే సిల్వర్ క్లోరైడో బ్రోమైడో అవక్షేపంగా దిగుతుంది. చివరికి మీ దగ్గర ఉన్నది లోహ వెండా, సిల్వర్ హాలైడా, రెండూనా? ఎక్స్‌రే వివర్తన పటం లేకుండా, దృశ్య వర్ణపటంలో 400 నానోమీటర్ల దగ్గర ఒక శిఖరం చూపించి "నానో వెండి" అని రాస్తే, రసాయనం తెలిసిన పరీక్షాధికారి అక్కడే ఆగుతారు. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వాడేవారు అది నీటితో చర్య జరిపి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇవ్వగలదన్న సంగతినీ పట్టించుకోవాలి. గాయం మీద వేసే పట్టీకి అలాంటి ఆనయాన్ ఎంచుకుంటే తర్వాతి ప్రశ్నలు మీరే ఊహించుకోవచ్చు.

కణ పరిమాణం చెప్పేటప్పుడు కొలిచిన పద్ధతీ చెప్పండి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించేది లోహపు గుండె. కాంతి పరిక్షేపణ కొలిచేది చుట్టూ ఉన్న పొరతో సహా. రెండు అంకెలూ కలవవు. క్లెయిమ్‌లో పద్ధతి లేకపోతే ఆ అంకెకు అర్థం లేదని అభ్యంతరం వస్తుంది.

క్లెయిములు ఎలా రాయాలి?

"అయానిక్ ద్రవం, లోహ నానోకణాలు గల సూక్ష్మజీవి నిరోధక పదార్థం" అని మొదటి క్లెయిమ్ రాసేవారు ఉన్నారు. అంత విశాలమైన వల వేస్తే అందులో పాత పత్రాలన్నీ పడతాయి. ఇలా రాస్తే పోరాడటానికి నేల దొరుకుతుంది: "1-డోడెసైల్-3-మిథైల్ ఇమిడజోలియం కేటయాన్ గల అయానిక్ ద్రవం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కొలిచినప్పుడు 5 నుంచి 20 నానోమీటర్ల సగటు వ్యాసం గల వెండి నానోకణాలు ఉండి, వెండికి అయానిక్ ద్రవానికి మధ్య భార నిష్పత్తి ఫలానా పరిధిలో ఉన్న పదార్థం." అంకెలు మీ ప్రయోగాల నుంచే రావాలి. వెనుక క్లెయిముల్లో పరిధిని మెట్టుమెట్టుగా కుదించుకుంటూ వెళ్లాలి, ఎందుకంటే ఎఫ్‌ఈఆర్ తర్వాత మీరు వెనక్కి తగ్గేది ఆ మెట్ల మీదికే. సెక్షన్ 59 ప్రకారం సవరించిన క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోనే ఉండాలి, స్పెసిఫికేషన్‌లో లేని కొత్త విషయం చేర్చకూడదు.

ఉపయోగాన్ని క్లెయిమ్ చేయడం మన దేశంలో కుదరదు. క్లెయిమ్ వస్తువుకో పద్ధతికో ఉండాలి. ఐరోపాలో నడిచే "ఫలానా వాడకం కోసం పదార్థం" అనే తరహా ఇక్కడ నడవదు. గాయానికి పూసి ఇన్ఫెక్షన్ తగ్గించే పద్ధతి అంటే చికిత్సా పద్ధతి, సెక్షన్ 3(ఐ) అడ్డు వస్తుంది. ఆపరేషన్ గది బల్లను శుభ్రపరిచే పద్ధతికి ఆ అడ్డు లేదు. ఫిషింగ్ హార్బర్ పడవల కోసం పని చేసేవారికి ఒక చిన్న మాట: నాచు, నత్తలు పట్టకుండా ఆపే రంగు వేరే వర్గం, సీ09డీ 5/16. బ్యాక్టీరియా మీద తీసిన అంకెలతో నత్తల మీద క్లెయిమ్ నిలబడదు.

నానోకణాలను వేపాకు కషాయంతో తయారుచేశాం. హరిత పద్ధతి కాబట్టి తేలిక అవుతుందా?

పని ఎక్కువే అవుతుంది. జీవ వనరు వాడితే దాని మూలం, అది దొరికిన ప్రాంతం స్పెసిఫికేషన్‌లో వెల్లడించాలి. జీవవైవిధ్య చట్టం కింద బాధ్యత కూడా ఉంటుంది. 2023 సవరణ తర్వాత భారతీయ దరఖాస్తుదారులు పేటెంట్ మంజూరుకు ముందు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు చేసుకోవాలి, వాణిజ్యపరంగా వాడేటప్పుడు అనుమతి తీసుకోవాలి. విదేశీ భాగస్వామ్యం ఉంటే నియమాలు ఇంకా గట్టివి.

వేప, తులసి, పసుపు సూక్ష్మజీవుల మీద పనిచేస్తాయన్నది మన వైద్య గ్రంథాల్లో ఉన్నదే కాబట్టి సంప్రదాయ విజ్ఞానం అంటూ సెక్షన్ 3(పి) అభ్యంతరం కూడా రావచ్చు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పరీక్షాధికారులకు అందుబాటులో ఉంది. రాగి పాత్రలో నీళ్లు, రజత భస్మం వంటివి కూడా ఈ వాదనలోకి లాగవచ్చు. అయానిక్ ద్రవం పాత్ర స్పష్టంగా ఉన్న దరఖాస్తుకు వాటి నుంచి పెద్ద ప్రమాదం లేదు. అసలు ఆ ఆకు కషాయం మీ ఫలితానికి అవసరమా అని ముందుగా మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. సోడియం బోరోహైడ్రైడ్‌తోనూ అదే గుణం వస్తుంటే, శీర్షికలో పచ్చదనం కోసం ఇంత తలనొప్పి ఎందుకు?

ఎఫ్‌ఈఆర్ వచ్చింది. ఎంత సమయం ఉంది? కొత్త ప్రయోగాలు చేసి పంపవచ్చా?

నివేదిక పంపిన తేదీ నుంచి ఆరు నెలలు. ఆ గడువు ముగియకముందే ఫీజు కట్టి అడిగితే మరికొంత పొడిగింపు దొరుకుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. విడి భాగాలతో పోలిక ప్రయోగాలు మళ్లీ చేయాలంటే నమూనాలు తయారుచేసి, మూడేసి సార్లు పరీక్షించి, గణాంకాలు తీసేసరికి నాలుగైదు నెలలు ఇట్టే గడిచిపోతాయి. వేసవి సెలవుల్లో ఎఫ్‌ఈఆర్ వస్తే పరిస్థితి ఇక చెప్పనవసరం లేదు.

కొత్త అంకెలను ప్రమాణపత్రంతో సాక్ష్యంగా పంపవచ్చు. వాటిని స్పెసిఫికేషన్‌లో చేర్చలేరు. స్పెసిఫికేషన్‌లో బలవృద్ధి గురించి కనీసం ఒక ఉదాహరణైనా ఉంటే, తర్వాత పంపినవి దాన్ని బలపరుస్తాయి. అసలు ప్రస్తావనే లేకపోతే "ఇది దాఖలు తేదీకి మీకే తెలియదు" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు తర్వాత విచారణ జరిగితే, అది ముగిసిన 15 రోజుల్లోగా లిఖిత వాదనలు పంపాలి.

ఫీజులు ఎంత?

ఆన్‌లైన్ దాఖలుకు వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న సంస్థలు, విద్యాసంస్థలు 1,600 రూపాయలు కడితే మిగిలినవారు 8,000 కట్టాలి. ఫారం 18కి 4,000, 20,000. ఫారం 18ఏకి 8,000, 60,000. ముందస్తు ప్రచురణకు 2,500, 12,500. ముప్పై పేజీలు, పది క్లెయిములు దాటితే అదనం. విశ్వవిద్యాలయంతో పాటు పెద్ద కంపెనీ కూడా దరఖాస్తుదారుగా చేరితే రాయితీ ఉండదు.

పేటెంట్ వస్తే ఉత్పత్తిని వెంటనే అమ్మవచ్చా?

పేటెంట్ ఇతరులను ఆపే హక్కు మాత్రమే ఇస్తుంది. గాయపు పట్టీ, క్యాథెటర్ పూత వంటివాటికి 2017 వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు వేరుగా కావాలి. ఐఎస్‌ఓ 10993 ప్రకారం జీవ అనుకూలత పరీక్షలు ఎలాగూ చేయించాల్సిందే. వాటిని దరఖాస్తు దాఖలుకు ముందే మొదలుపెడితే విషప్రభావం తగ్గిందన్న అంకెలు స్పెసిఫికేషన్‌కు కూడా పనికొస్తాయి.

కంట్రోలర్, అంటే దరఖాస్తుపై నిర్ణయం తీసుకునే పేటెంట్ అధికారి, తిరస్కరిస్తే?

ఒక నెలలోగా ఫారం 24తో పునఃపరిశీలన కోరవచ్చు. రికార్డులో కనిపించే పొరపాటు ఉంటేనే దానివల్ల ఫలితం. లేకపోతే మూడు నెలల్లోగా హైకోర్టులో అప్పీలు చేయాలి. మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డు 2021లో రద్దయింది కాబట్టి, చెన్నై కార్యాలయం ఉత్తర్వుల మీద అప్పీళ్లు మద్రాసు హైకోర్టులోని మేధో సంపత్తి విభాగానికి వెళ్తాయి. ఉత్తర్వులో మీ పోలిక పట్టిక ప్రస్తావనే లేకుండా 3(ఇ) అని ఒక్క వాక్యంతో తిరస్కరించి ఉంటే అప్పీలుకు గట్టి కారణమున్నట్టే. పట్టికే పంపి ఉండకపోతే, అప్పీలు ఖర్చుతో కొత్త ప్రయోగాలు చేసి, ఇంకా బయటపెట్టని నిష్పత్తుల మీద మరో దరఖాస్తు వేసుకోవడం లాభసాటి.